కొంగ నిలబడితే

ప్లోవ్‌దివ్
మార్చి 2

అమ్మమ్మా,

కంగారుపడకు. ఎవరూ పోలేదు. ఉత్తరం వచ్చిందంటే ఎవరో పోయారనే కదా నీ లెక్క, అందుకే ముందే చెప్పేస్తున్నా.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. నీకు ఫోన్లో రహస్యం చెప్పడమూ, చర్చి గంట కొట్టి చెప్పడమూ ఒకటే. నేనిక్కడ గుసగుసగా మాట్లాడితే నువ్వక్కడ "ఏంటీ? గట్టిగా చెప్పవే!" అని అరుస్తావు. వెంటనే గోడ మీంచి పక్కింటి పెన్కా అమ్మమ్మ తల పైకొస్తుంది. పైగా మా ఫ్లాట్ గోడలు ఉత్త అట్టముక్కలు. అమ్మ వంటింట్లో ఉల్లిపాయ తరిగితే నా గదిలో నాకు కళ్ళు మండుతాయి.

అందుకని ఉత్తరం. అమ్మకిది తెగ నచ్చేసింది. "అమ్మమ్మకి ఉత్తరమా! ఎంత ముద్దుగా ఉందే!" అని స్టాంపు కూడా తనే అంటిస్తానంది. తన దగ్గర దాచిన రహస్యాన్ని తనే తీసుకెళ్ళి డబ్బాలో వేసొస్తుంది పాపం. కవరుకి అంత జిగురు అందుకే పూశా.

సరే, విషయానికొస్తా. ఒక్కసారిగా చెప్పలేను, కొంచెం కొంచెంగా చెప్తా.

పోయిన నెల డాక్టర్ దగ్గరికెళ్ళాం. ఆవిడ ఒక సంగతి చెప్పి, నిర్ణయం నాదే అంది. అమ్మ కూడా "నీ ఒళ్ళు, నీ ఇష్టం" అంది. నేను సరే అన్నా. నిజానికి సరే కాదు. ఆ సంగతి అమ్మకి తెలీదు. రోజూ నా మొహం చూసి మురిసిపోతోంది. రోజులు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమవుతోంది, ఇంక ఎక్కువకాలం దాచలేను కూడా. ఏం చెయ్యాలో తెలీట్లేదు అమ్మమ్మా. భయంగా ఉంది.

ఇంకోటి. కొంగ వచ్చిందా? వస్తే నాకు చెప్పకు. కాదు, చెప్పు. నిన్న అమ్మ నా చేతికి ఎర్రదారం, తెల్లదారం పేని కట్టింది. కొంగ కనబడేదాకా విప్పకూడదుగా, కనబడ్డాకే విప్పి పూసిన చెట్టుకి కట్టాలి. ఈ ఏడు నాకు కొంగంటేనే భయం. ఎందుకో తర్వాత చెప్తా.

చదివాక పొయ్యిలో పడెయ్.

నీ నెవెనా

మర్చిపోయా: మిగతాదంతా మామూలే. పొద్దున్నే వికారం, తిండి సయించదు, ఎప్పుడూ పడకే.


మార్చి 7

నా బంగారు తల్లీ,

నీ కవరు కత్తెరకి లొంగలేదు, చాకుకీ లొంగలేదు. ఆఖరికి కోడిని కోసే కత్తి తెచ్చా.

చదివాను. కూలబడ్డాను. లేచి ఒక చిన్న గ్లాసు రకియా సారా పోసుకున్నాను. మళ్ళీ చదివాను. అప్పటికి సీసా కాస్త తగ్గింది.

నేను తిట్టను. ముందే చెప్తున్నా, తిట్టను. డాక్టర్ నిర్ణయం నీదే అన్నదట, అమ్మకి చెప్పలేవట, ఇంక ఎక్కువకాలం దాచలేవట, పొద్దున్నే వికారమట, పైగా కొంగంటే భయమట. ముగ్గుర్ని కన్నదాన్నే నేను, నాకు అర్థం కాదా? కొంగ పిల్లల్ని తెచ్చి పొగగొట్టంలోంచి వేస్తుందని నీకు చిన్నప్పుడు చెప్పింది నేనేగా. నిన్నటిదాకా ఆ కథలే వినేదానివి. అయ్యో నా తల్లీ.

ఒక్కటే అడుగుతా. వాడెవడు? మీ ఇంగ్లీషు బళ్ళో వాడేనా? ఇంగ్లీషు మేష్టారు మాత్రం కాదని చెప్పు. అయితే మాత్రం నేను మొదటి బస్సెక్కి వచ్చేస్తా, కోడిని కోసే కత్తి పక్కనే ఉంది.

మీ అమ్మ సంగతి నాకొదిలెయ్. అది నిన్ను కడుపులో పెట్టుకుని నాకు చెప్పడానికి ఎంత నీలిగిందో నాకు తెలుసు. ఇప్పుడు దాని మొహం చూడాలని ఉంది.

పార్సిల్ పంపుతున్నా. ఎర్ర మిరపకాయల పచ్చడి రెండు సీసాలు నీకు. చిన్న మేజోళ్ళు నీకు కాదు. ఆడో మగో తెలీదు కాబట్టి పచ్చ ఊలుతో అల్లా. పెన్కాకి చెప్పలేదులే. ఎవరికే ఆ చిట్టి మేజోళ్ళు అనడిగితే పిల్లికన్నా.

బరువులెత్తకు.

అమ్మమ్మ స్తోయంకా


ప్లోవ్‌దివ్
మార్చి 12

అమ్మమ్మా!!!

ఆలు లేదు చూలు లేదు, అప్పుడే మేజోళ్ళా!

ఆ పార్సిల్ అమ్మ ముందే విప్పా, తెలుసా? అమ్మ మేజోళ్ళు రెండు వేళ్ళతో పైకెత్తి "ఇవేంటి?" అంది. నా నోటికి వచ్చింది చెప్పా: "ఈస్టర్ గుడ్లకి. చలెయ్యదా వాటికి?" అమ్మ వాటిని జాగ్రత్తగా మడిచి పెట్టింది. తర్వాత మెల్లగా "మా అమ్మకి పెద్దతనం వచ్చేసింది" అని కళ్ళు తుడుచుకుంది. సారీ. నీ పరువు తీసి నా ప్రాణం కాపాడుకున్నా.

ఎవడూ లేడు! ఏడాదిగా ఇంట్లోంచి కదలని దాన్ని ఎవడు ప్రేమిస్తాడు, మంచమా? ఇంగ్లీషు మేష్టారికి డెబ్భై ఏళ్ళు, ఆయనకి నా పేరు కూడా గుర్తుండదు.

సరే, మొత్తం చెప్పేస్తా.

పోయిన ఏడు నాకు జ్వరమొచ్చి పోయిందిగా. జ్వరం పోయింది, నీరసం ఉండిపోయింది. టెస్టులన్నీ చేశారు, అన్నీ బావున్నాయి, నేను తప్ప. ఇప్పుడు మిలేవా అని కొత్త డాక్టర్. దీనికి పేరు కూడా చెప్పింది, దీర్ఘకాలిక అలసట జబ్బు. పేరు పలికేసరికే అలసటొస్తుంది. దీన్ని పోగొట్టే మందు ఇంకా లేదంది. కానీ ఒక పాత మందుంది, డిప్రెషన్‌కి ఇస్తారు, అదే మరీ చిన్న మోతాదులో వేసుకుంటే కొందరికి నిద్ర సరిగా పడుతుందట, ఒళ్ళునొప్పులు తగ్గుతాయట. కొందరికి ఏమీ అవ్వదట. వేసి చూద్దామా, ఆలోచించుకో, తొందర్లేదు అంది.

అమ్మ నా వంక చూసింది, ఎలాగంటే బేకరీ అద్దం ముందు చిన్నపిల్ల చూసినట్టు. కాదని ఎలా అనను? తల ఊపేశా.

ఇంటికొచ్చి మందుపెట్టెలో కాగితం విప్పితే మొట్టమొదటి వరుసలోనే డిప్రెషన్ అని ఉంది. ఇంటర్నెట్‌లో ఇంగ్లీషులో చదివా, ఇంకా భయమేసింది. మింగలేకపోయా. అమ్మ రోజూ నీళ్ళగ్లాసు, మాత్ర తెచ్చిస్తుంది. నేను బుగ్గలో పెట్టుకుని నీళ్ళు తాగి, ఆవిడ వెళ్ళాక తీసి దాచేస్తా. ఇంతకుముందు పెన్సిల్ డబ్బాలో దాచేదాన్ని, ఇప్పుడు నీ పచ్చ మేజోళ్ళలో. కనీసం ఒక ఉపయోగం.

ఇప్పుడు నవ్వకు. ఆ మందు పనిచేస్తోందట! అమ్మ చెప్తోంది. "మొహంలో కళొచ్చిందే! నిన్న నవ్వావు కూడా!" అని అందరికీ ఫోన్లు చేస్తోంది. ఏప్రిల్లో మళ్ళీ డాక్టర్ దగ్గరికెళ్ళాలి. ఒంటికి పడితే మోతాదు పెంచుదాం అని ఆవిడ ముందే అంది. అంటే నేను వేసుకోని మందుని పెంచుతారు అమ్మమ్మా. ఒక్కరోజైనా అమ్మ ఎదురుగా కూర్చుని మింగించిందంటే?

ఎందుకు వేసుకోవని అడుగుతావు. మొదట్లో, నేనింకా బడికెళ్తున్నప్పుడు, మా పీటీ సార్ ఏమన్నాడో తెలుసా? "నాకూ సోమవారాలు నీరసమే" అన్నాడు. క్లాసంతా నవ్వింది. స్కూల్ కౌన్సిలర్ "అంతా మనసులోనే ఉంది" అంది, తల నిమురుతూ. ఇప్పుడీ మాత్ర వేసుకుని నేను బాగయ్యాననుకో, వాళ్ళే రైట్ అయిపోతారు. నాకసలు జబ్బే లేదు, ఏడాదంతా బద్ధకించానన్నమాట. వేసుకున్నా బాగవ్వలేదనుకో, ఇంక చెయ్యడానికి ఏమీ మిగల్లేదన్నమాట. మేజోడులో ఉన్నంతకాలం ఈ రెండూ జరగవు.

కొంగ సంగతి కూడా చెప్తా, కానీ నవ్వకూడదు. మొదటి కొంగని ఎగురుతుండగా చూస్తే ఏడాదంతా చురుకు, నిలబడి ఉండగా చూస్తే ఏడాదంతా బద్ధకం అంటారుగా. పోయిన ఏడు మీ ఇంటి ముందు కరెంటు స్తంభం మీద అది ఒంటికాలి మీద నిలబడి ఉంది. నేను బనిత్సా రొట్టె తింటూ దాన్ని వెక్కిరించా. తర్వాత వారానికే జ్వరం. నేను సైన్స్ స్టూడెంట్‌ని, నాకిలాంటివి నమ్మకం లేదు. అయినా ఈ ఏడు కూడా నిలబడే కనిపిస్తే?

నెవెనా


మార్చి 16

నా చిట్టీ,

దేవుడు చల్లగా చూశాడు. కొంచెం నిరాశగా కూడా ఉంది. ఇంకా బోలెడు ఊలు మిగిలిపోయింది.

గుడ్లకి మేజోళ్ళంటావా! మొన్న మీ అమ్మ ఫోన్ చేసి, "అమ్మా, ఇవాళ ఏ వారం? మన ప్రధానమంత్రి ఎవరు?" అని అడిగింది. నాకేం తెలుసు, ఆ మనిషి నెలకోసారి మారతాడు. తెలీదన్నా. అది ఏడుస్తూ పెట్టేసింది. ఇప్పుడర్థమైంది.

ఇక నీ మాత్ర సంగతి. దిగులు మందా? నీకు దిగులెందుకే? అమ్మ ఉంది, అమ్మమ్మ ఉంది, ఇంగ్లీషు గడగడా మాట్లాడతావు. నరాల బలహీనతైతే మాకందరికీ ఉంది. పుదీనా, వలేరియన్ చుక్కలు పొద్దున్న ఇరవై, సాయంత్రం ఇరవై నీళ్ళలో వేసుకుని తాగుతాం. మా వీధంతా దాని మీదే నిలబడింది. ఆ మాత్ర మాత్రం వద్దు. పెన్కా చెల్లెలి కూతురు వేసుకుని గుమ్మడికాయలా ఊరిపోయింది.

నా మాట విని ఇక్కడికొచ్చెయ్. ఉల్లి మళ్ళు తవ్వాలి, బంగాళాదుంపలు పెట్టాలి. ఒక్కసారి నడుం వంచావంటే ఆ నీరసం కంచె దూకి పారిపోతుంది.

పెన్కాకి నీ పేరు చెప్పలేదు. నా స్నేహితురాలి మనవరాలికి ఇలా ఉందన్నాను. అది అంతా విని, "నెవెనాకి నా ముద్దులు చెప్పు" అంది. దానికెలా తెలిసిందో మరి.

అమ్మమ్మ


ప్లోవ్‌దివ్
మార్చి 20

మహారాజశ్రీ స్తోయంకా గారికి,

తమరి ఉత్తరం అందింది. ఉల్లి మళ్ళ గురించి తమరిచ్చిన సలహాకి ధన్యవాదాలు.

నిన్న నేను తల స్నానం చేశాను. అంతే. తవ్వలేదు, పరిగెత్తలేదు, తల స్నానం చేశా. చేస్తున్నంతసేపు బానే ఉంది, పాట కూడా పాడా. ఇవాళ చెయ్యెత్తితే ఎవరో ఇటుకలు కట్టినట్టుంది. కర్టెన్ తీస్తే వెలుతురు గుచ్చుతోంది. ఈ నాలుగు ముక్కలూ మధ్యమధ్య పడుకుంటూ రాస్తున్నా. ఎక్కువ చేస్తే మర్నాడు ఇలా పడేస్తుంది, అదే ఈ జబ్బు. నడుం వంచితే పారిపోయేది నీరసం కాదు, నేను.

నువ్వు కూడా పీటీ సార్‌లాగే అంటావనుకోలేదు.

ఇట్లు,
నెవెనా (గుమ్మడికాయ)


మార్చి 24

నెవెనా,

నీ "మహారాజశ్రీ" చూసి రెండ్రోజులు అన్నం సయించలేదు. పెన్కా తెచ్చిన కేకు మాత్రం తిన్నా.

కూర్చుని ఆలోచించా. ఓ చలికాలం నాకు వారంపాటు ఫ్లూ వచ్చింది గుర్తుందా? పక్కలోంచి లేవలేక, కోళ్ళకి గింజలు కిటికీలోంచి విసిరేదాన్ని. అవి కిటికీ కిందే కాపురం పెట్టాయి. అప్పుడెవరైనా వచ్చి ఉల్లి తవ్వమని ఉంటే చెప్పుచ్చుకుని కొట్టేదాన్ని. నీకది వారం కాదు, ఏడాది. నాకిప్పుడు తట్టింది. నా బుర్ర ట్రాక్టర్‌లాంటిది, చలిలో లేటుగా స్టార్ట్ అవుతుంది.

మాత్ర వేసుకో అననూ, వద్దు అననూ. నాకు కోళ్ళ సంగతి తెలుసు, మాత్రల సంగతి తెలీదు. అయినా నీకు నీతులు చెప్పే మొహం కూడా కాదు నాది. మీ అమ్మ పంపే బీపీ మాత్రలు కిటికీలో జెరేనియం కుండీలో పాతిపెడుతున్నా. ఆ మొక్కకి బీపీ బ్రహ్మాండంగా ఉంది. "మందులు వేసుకుంటున్నావా అమ్మా?" అంటే "ఆ" అంటాను. మీ అమ్మ పాపం ఇద్దరు దొంగల మధ్య పడింది.

కొంగ మాత్రం నా డిపార్ట్‌మెంట్. అది వచ్చేసింది. నేను చూసినప్పుడు ఎగురుతూనే ఉంది, నా ఏడాదికి ఢోకా లేదు. ఆదివారం మీ అమ్మ నిన్ను కారులో తీసుకొస్తానంది, వెనక సీట్లో పడుకోబెట్టి. మెల్లగా రమ్మన్నా. జాగ్రత్తగా విను: మా వీధి మలుపు తిరగ్గానే కళ్ళకి స్కార్ఫ్ కట్టుకో. వెలుతురు పడదని చెప్పు. నేను సిద్ధంగా ఉంటా. దాన్ని లేపి, "ఇప్పుడు!" అంటా. అప్పుడు తీసి చూడు. ఎగిరే కొంగని నీకు చూపించకపోతే నా పేరు స్తోయంకా కాదు.

అమ్మమ్మ


ప్లోవ్‌దివ్
ఏప్రిల్ 12

అమ్మమ్మా,

ఆలస్యానికి సారీ. ఆదివారం ప్రయాణానికి బిల్లు మంచం మీద కట్టాల్సొచ్చింది.

ఆ రోజు సగం నీకు తెలుసు. స్కార్ఫ్ లోపలి సగం తెలీదు. నేను మీ ఇంటి ముందు బల్ల మీద కూర్చున్నా, కళ్ళు కట్టుకుని. నువ్వు మూకుడు మీద గరిటె పెట్టి దబదబా బాదుతున్నావు. "ఎగురు! ఎగరవే మొండిదానా!" పెన్కా అమ్మమ్మ చీపురు ఊపుతోందని శబ్దం బట్టి తెలిసింది. ఎదురింటి గెంచో తాత "నిచ్చెన తేనా?" అంటున్నాడు. "నిచ్చెనెందుకు, నువ్వెక్కి ఎగురుతావా?" అని నువ్వు. నాకు నవ్వు ఆగట్లేదు, భయం కూడా ఆగట్లేదు. ఎంతసేపటికీ "ఇప్పుడు!" అనవేం?

అప్పుడు అమ్మ కారులోంచి సంచులు దింపుకుని వచ్చింది. ఆవిడకేం తెలీదు కదా. "అమ్మా, ఏంటిది! ఎందుకు దాన్ని తరుముతావు? ఆఫ్రికా నుంచి ఎగిరొచ్చింది పాపం. అలిసిపోయి ఉంటుంది. నిలబడనీ" అంది.

అంతే. నిలబడనీ అంది.

నేను స్కార్ఫ్ తీసేశా. అది ఒంటికాలి మీద ఉంది. కదల్లేదు. మీ అందరి వంకా ఒక చూపు చూసి ముక్కు రెక్కల్లో దూర్చేసింది. నేను ఏడ్చేశా. శకునం చెడిందని ఏడ్చాననుకుని నువ్వు మూకుడు పడేసి లోపలికెళ్ళి ఏడ్చావు. అందుకు కాదు అమ్మమ్మా. అంత దూరం ఎగిరొచ్చి నిలబడ్డదాన్ని బద్ధకం అని ఎవరంటారు? అమ్మ అనదు. నేనే అన్నా, పోయిన ఏడు, బనిత్సా నములుతూ.

తిరిగొచ్చేటప్పుడు కారులో చెప్పేశా. మొత్తం. బుగ్గలో దాచడం, పెన్సిల్ డబ్బా, పచ్చ మేజోళ్ళు. అమ్మ గోధుమ చేను పక్కన కారాపింది. నా వైపు తిరిగి, "మరి మొహంలో ఆ కళ?" అంది. "నువ్వు సంతోషంగా ఉన్నావని నాకు సంతోషమేసింది" అన్నా. "నువ్వు సంతోషంగా ఉన్నావని కదే నాకు సంతోషం!" అంది. అలా ఇద్దరం ఏ మందూ లేకుండానే ఒకళ్ళనొకళ్ళు బాగుచేసుకున్నాం అన్నమాట. తర్వాత అడిగింది, "అయితే గుడ్ల మేజోళ్ళు?" నిజం చెప్పా. స్టీరింగ్ మీద తలపెట్టి నవ్విందా, ఏడ్చిందా, నాకర్థం కాలేదు. నిన్ను బుర్ర డాక్టర్‌కి చూపించాలని అపాయింట్‌మెంట్ కూడా తీసుకుందట. రద్దు చేసింది. జెరేనియం సంగతి నేను చెప్పలేదు. నీ రహస్యం నువ్వే చెప్పుకో.

డాక్టర్ మిలేవాతో ఫోన్లో మాట్లాడా, నేనే. తిట్టలేదు. "చెప్పావు, అది చాలు. పెంచేసి ఉంటే ఎంత ప్రమాదం" అంది. నేను అడగాల్సింది అడిగేశా: "ఇది పనిచేస్తే నాకు జబ్బు లేనట్టేనా? అంతా మనసులోనే ఉన్నట్టా?"

ఆవిడ అంది, "జ్వరానికి వేసే మాత్రే పన్ను నొప్పికీ వేస్తాం. తగ్గితే నీ పన్నుకి జ్వరం వచ్చిందంటామా?"

ఇంతకాలం ఈ ప్రశ్న బుగ్గలోనే పెట్టుకున్నా చూడు.

పని చెయ్యకపోతే ఏమవుతుందనీ అడిగా. "మెల్లగా మాన్పించేస్తా. ఆ ఒక్క మందు పనిచెయ్యలేదని తెలుస్తుంది. నువ్వు పనికిరావని కాదు." మనసు ఏమాత్రం బరువుగా అనిపించినా, పిచ్చి ఆలోచనలొచ్చినా వెంటనే ఫోన్ చెయ్యాలని నాతో రెండుసార్లు చెప్పించింది. అమ్మ చేత కూడా. వద్దనుకున్నా తప్పులేదంది. ఇంకో రెండ్రోజులు ఆలోచించా. ఈసారి అమ్మ మొహం చూసి కాదు. నాకు నిద్ర కావాలి అమ్మమ్మా. పడుకోవడం కాదు, నిద్ర.

వేసుకుంటున్నా. వారమైంది. మేజోళ్ళలోవన్నీ అమ్మ మందుల షాపులో ఇచ్చేసింది, కొత్త డబ్బా మొదలుపెట్టా. నోరు రంపపు పొట్టు తిన్నట్టు ఎండిపోతోంది. పొద్దున్నే తలలో పొగమంచు. బాగయ్యావా అని అడగొద్దు, అవ్వలేదు. కానీ మొన్న ఒకసారి, ఒకేసారి, నిద్రలేచినప్పుడు నిద్రపోయినట్టు అనిపించింది. మందు వల్లో, రహస్యం దిగిపోయినందువల్లో తెలీదు.

ఇందులో నా చేతి దారం పెట్టా. పూసిన చెట్టుకి నువ్వే కట్టు, నేనంత దూరం రాలేను. నిలబడ్డదైనా కొంగ కొంగే కదా.

నీ నెవెనా

మళ్ళీ ఒకటి: ఈ కవరుకి మామూలు జిగురే. అమ్మ చదువుకున్నా ఫరవాలేదు. చదవదులే, అడిగా.


ఏప్రిల్ 16

నా బంగారు నెవెనా,

కవరు వేలితో తెరుచుకుంది. చప్పగా అనిపించింది.

నీ దారం చెర్రీ చెట్టుకి కట్టా, పువ్వులు బాగా ఉన్న కొమ్మకి. పెన్కా "ఎవరిదే?" అంది. "నా మనవరాలిది, దానికి జబ్బు, మందు వేసుకుంటోంది" అన్నా. స్నేహితురాలూ లేదు, పిల్లీ లేదు. ఆ పెన్కా తన చుక్కల సీసా చూపించి "నేనూ పాతికేళ్ళుగా" అంది. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, అయినా మొదటిసారి విన్నట్టు మొహం పెట్టా.

మీ అమ్మకి జెరేనియం గురించి నేనే చెప్పా, ఫోన్లో. ఇప్పుడు వీధంతటికీ తెలుసు. పొద్దున్నే మాత్ర వేసుకుంటున్నా, జెరేనియం చూస్తుండగా. అది నా మీద అలిగి రెండాకులు రాల్చింది. నోరెండితే ఎండు రేగుపళ్ళు నీళ్ళలో నానబెట్టి ఆ నీళ్ళు తాగు. ఇది మందు కాదు, నీళ్ళే, నీ డాక్టర్‌ని అడుగు.

ఈస్టర్‌కి మీరు రావద్దు, మేమే వస్తాం, నేనూ గుడ్లూ. ఎర్రగా రంగేసి, ఒకదానికి పచ్చ మేజోడు తొడిగి తెస్తా, మీ అమ్మ ఏం చేస్తుందో చూద్దాం. నువ్వు మంచం మీంచే గుడ్డుతో గుడ్డు కొట్టొచ్చు, ఎవరిది పగలకపోతే వాళ్ళదే గెలుపు. ఈ ఏడు నా చేతిలో గట్టి గుడ్డుంది, ముందే చెప్తున్నా.

నేను కిటికీ దగ్గర కూర్చుని రాస్తున్నా. స్తంభం మీద నీ కొంగ ఇవాళ కూడా నిలబడే ఉంది. పొద్దుట్నుంచీ వీధిలో ఎంతమంది పోయారో, ఎవరూ దాన్ని ఏమీ అనలేదు.

అమ్మమ్మ స్తోయంకా